గుంత ఎవరిది?

మా అత్తకు ఈ లోకంలో ఒకే ఒక బద్ధశత్రువు, మా గేటు ముందున్న గుంత. ఒకసారి మా ఆయన స్కూటరు మీంచి అందులో పడింది. అంతే, ఆవిడ మళ్ళీ స్కూటరెక్కితే ఒట్టు. ప్రాణంలా చూసుకునే చెల్లెలింటికి వెళ్ళడం కూడా మానేసింది. పొద్దున లేస్తూనే గుంత ముందు నిలబడి తిట్ల దండకం అందుకునేది.

"దీన్ని పూడ్చిన చేతులు పడిపోను!"

"అత్తయ్యా, అవి నా చేతులే!"

"నీవి కాదే, ఆ కాంట్రాక్టరువి!"

నేను అతని కింద రోడ్డు పని చేసేదాన్ని మరి. గుంతలో నీళ్ళున్నా సరే, తారు కంకర కుమ్మరించి, పారతో నాలుగు బాది, లారీ ఎక్కమనేవాడు. వాన పడితే గుంత మళ్ళీ నోరు తెరిచేది.

మొన్న మున్సిపాలిటీ అతన్ని సాగనంపింది. రోడ్ల మరమ్మతు ఇక తనే చూసుకుంటానని మమ్మల్ని సొంత ఉద్యోగులుగా తీసుకుంది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. గుమ్మంలోంచే కేకేశాను.

"అత్తయ్యా! ఊళ్ళో గుంతలన్నీ ఇక మావే!"

"మురిసిపోయావులే! గుంతలు మీవైతే తిట్లూ మీకే."

"గేటు ముందుది నేనే పూడుస్తా. వానకి నిలిస్తే నా వెనక స్కూటరెక్కాలి."

"నిలవనీ, చూద్దాం."

మర్నాడే పట్టాం. అంచులు నిటారుగా కోసి, నీళ్ళు తోడి, ఊడ్చి, ఆరబెట్టి, తారు పూసి, కంకర పొరలు పొరలుగా వేసి రోలరు తొక్కించాం. అత్త కుర్చీ వేసుక్కూర్చుని, "ఆ మూల! ఆ మూల!" అని పురమాయిస్తూనే ఉంది.

"మీ అత్తగారిక్కూడా ఉద్యోగం ఇచ్చారా ఏంటి?" అన్నాడు రోలరు డ్రైవరు. నవ్వాపుకోలేక రోడ్డు మీదే చతికిలబడ్డాను.

ఆ వారమే కుండపోత. గుంత తేలితే నెపం వెయ్యడానికి కాంట్రాక్టరు కూడా లేడాయె!

వాన తెరిపివ్వగానే అత్త తిట్లన్నీ సిద్ధం చేసుకుని బయటికొచ్చింది. పూడ్చిన చోట తొక్కింది. మడమతో పొడిచింది. చుక్క నీళ్ళు లేవు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా.

ఆవిడ చూపు వీధి మలుపులో నీళ్ళు నిండిన ఇంకో గుంత మీద పడింది.

"అదెవరిదే?"

"మాదే, అత్తయ్యా," అని నసిగాను.

"మీదేంటే, మనది! స్కూటరు తియ్యి. మా చెల్లెలింటి దాకా ఇంకెన్ని ఉన్నాయో చూసొద్దాం."