పై పన్ను

"ఆ మర జారి మెదడులోకి ఎక్కిపోతే ఏటి చేస్తారు డాక్టర్ సాబ్?"

ఆయన ఇంకా మా అమ్మాయి ఫేబే నోరు కూడా తెరిపించలేదు. పన్ను పోతే ఎముకలో మర బిగిస్తారని విని ఉన్నాను, నాకు వచ్చిన హిందీలో ఈ మాట అడిగేశాను. పోయింది పైవరసలో ముందు పన్ను. మర పోయేది పైకే కదా, పైన ఉండేది మెదడే కదా.

వానలో మా దీవిలోని గరాచర్మ మలుపు దగ్గర స్కూటీ జారి, పిల్ల మూతి హ్యాండిల్‌కి కొట్టుకుంది. తల పగిలిందేమో, చూపు పోతుందేమో అని నేను గుండెలు బాదుకుంటే, పోయింది ఒక్క పన్నేనని తేల్చారు. ఒక్క పన్నేగా అని అందరూ తేలిగ్గా అన్నారు. వాళ్ళ నోట్లోది పోతే తెలిసేది. టూరిస్టులతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం మా పిల్లది. "నమస్తే, ఫేబే" అనబోతే ముందు గాలి వచ్చేది, తర్వాత పేరు వచ్చేది. రోజూ తీసి కడుక్కునే పన్ను చవగ్గా వస్తుందని మొదట ఒకటి పెట్టించాం. మా చర్చి సంఘంలో ఒక పెళ్ళికి వెళితే అది బిర్యానీలో పడింది. ఆ రోజు నుంచి పిల్ల నలుగురిలో తినడం మానేసింది.

డాక్టరు నా ప్రశ్నకు నవ్వలేదు. మెదడు చాలా దూరమన్నారు. ఇంక రెండు దారులున్నాయని చెప్పారు. అటూ ఇటూ ఉన్న పళ్ళు అరగదీసి, వాటి ఆసరాతో మధ్యలో పన్ను నిలబెట్టడం ఒకటి. ఎముకలో మర బిగించడం రెండోది. దేవుడిచ్చిన మంచి పళ్ళు రెండింటిని ఒక పెట్టుడు పన్ను కోసం అరగదీస్తామనగానే నాకు ఒళ్ళు మండింది. మరే బిగించమన్నాను. ఎంతవుతుందంటే ముప్పై వేలన్నారు. సరిగా చూసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుందన్నారు. మా ఆయన జీవరాజు ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. సిప్పీఘాట్‌లో ప్రహరీ కట్టిన డబ్బు అప్పుడే వచ్చింది. అది తెచ్చి కట్టేశాం.

ఆ తర్వాత మూడు నెలలు నాకు నిద్ర లేదు. చిగుళ్ళో చొక్కా గుండీ అంత ఇనుప ముక్క తప్ప పన్ను జాడ లేదు. ఎముక దాన్ని పట్టుకోవాలట. ఇక్కడి ఉప్పుగాలికి మూడు నెలల్లో గేటు గడియ తుప్పు పడుతుంది, నోట్లో మర పట్టదా? పొద్దున్నే టార్చి వేసి చూసేదాన్ని. నాకు తెలిసిన వాళ్ళందరిచేతా ప్రార్థన చేయించాను.

మూడు నెలలు నిండాక పన్ను పెడతామని పిలిచారు. బల్ల దగ్గర కూర్చునే చిన్ని మన తెలుగు పిల్లే, వాళ్ళమ్మ మా సంఘంలోనే ఉంటుంది. నన్ను చూసి కంప్యూటర్లో ఏదో నొక్కి, "ఆంటీ, ఊపర్ కా అలగ్ ఇవ్వాలి, బారా హజార్" అంది.

ఊపర్ కా. అంటే పైది, అదీ వేరేగా పన్నెండు వేలు. ఆ పైది మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన బిల్లు ఎక్కడైనా ఆగితే, ఎవరో ఒకరు మెల్లిగా పక్కకు వచ్చి అనే మాట అది. అలాంటి మాట ఆసుపత్రిలో, మన పిల్ల నోట, అందరూ వింటుండగా.

"ఎవరికే ఊపర్ కా? డాక్టర్‌కా, నీకా?" అన్నాను.

"డాక్టర్‌కి కాదాంటీ, ఫేబే దీదీకి."

"నా కూతురికి నన్ను లంచం ఇమ్మంటావేటే?"

హాల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. మిన్నీ బేలో కొట్టు నడిపే తాతబ్బాయి వాచిన దవడ పట్టుకునే, "పన్నుకి కూడా పై పన్ను ఏస్తన్నారేటమ్మా" అన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. సిగ్గులేదా అన్నాను, పేపర్లో వేయిస్తానన్నాను. ఫేబే నా చెయ్యి లాగుతోంది. విదిలించుకున్నాను.

డాక్టరు బయటికి వచ్చి, బొమ్మ దవడ ఒకటి నా ముందు పెట్టారు. మర చూపించి "యే నీచే కా" అన్నారు. దాని మీద తెల్లటి పన్ను తొడిగి "యే ఊపర్ కా" అన్నారు. ముప్పై వేలు కింది మరకట. పైన తొడిగే పన్నుకు పన్నెండు వేలట.

నాకు ముఖం చెల్లలేదు. చిన్నిని అన్నందుకు ఒప్పుకుంటాను, నాదే తప్పు. కానీ కోపం మాత్రం దిగలేదు. "మా ఆయన ఇల్లు కడతానని ఒప్పుకుని, గోడలు లేపాక, స్లాబుకి వేరే ఇవ్వండంటే మీరు ఊరుకుంటారా డాక్టర్ సాబ్? నేను కొన్నది పన్ను. నాకు మర అమ్మి పన్ను అన్నారు" అని అడిగాను. పన్ను లేని మర దేనికి పనికొస్తుంది, బట్టలు తగిలించుకోవడానికా?

ఆయన విసుక్కోకుండా ఫైలు తెరిచారు. ఇంగ్లీషు కాగితం. నేను ఐదో తరగతి చదివినదాన్నే అయినా అంకెలు తెలుస్తాయి. ముప్పై వేలు ఒక చోట, పన్నెండు వేలు ఇంకో చోట ఉన్నాయి. ధర చెప్పిన రోజు ముప్పై వేలని వినగానే నేను ప్రార్థన చేయమని చెప్పడానికి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళానట. రెండూ అమ్మాయికి విడమరిచి చెప్పానన్నారు. కాగితం చివర సంతకం మా ఫేబేది.

"నీకు తెలుసా?" అన్నాను దానితో.

తల దించుకుంది. మూడు నెలలు నా పక్కనే తిని, నా పక్కనే పడుకుని, రోజూ నా టార్చికి నోరు తెరిచి, ఒక్క ముక్క చెప్పలేదు. ఇందరి ముందు నన్ను పిచ్చిదాన్ని చేసింది. మళ్ళీ అడిగాను. లోపలికి పిలిచిన మనిషి కూడా లేవకుండా మా వంకే చూస్తున్నాడు. డాక్టరు ఫైలు మూశారు.

"తెలుసమ్మా," అంది చివరికి. "పైదానికి నా జీతంలో దాస్తన్నాను. ఇంకా మూడు వేలు తక్కువయ్యాయి. నీకు చెప్పనిది నువ్వు వద్దంటావని కాదు. పైదొకటి ఇంకా ఉందంటే నువ్వు మళ్ళీ భయపడతావు, నువ్వు భయపడితే నాకూ భయమేస్తాది. అప్పుడింక నేను ఆ కుర్చీలో కూకోలేను."