కాఫీరంగు పెన్ను

మా ఆయన రిటైరయ్యే రోజున ఏ పెన్ను ఇంటికి తెస్తారో నాకు ముందే తెలుసనుకున్నాను. అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే ఇంకెందుకు? తీరా చూస్తే తెలియలేదు.

ఆయన జనన మరణాల నమోదు ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఆఫీసువాళ్ళు ఆయన్ని 'సిరాబుడ్డి' అనేవాళ్ళు. చొక్కా జేబు దగ్గర ఎప్పుడూ ఓ నీలం మరక, మధ్యవేలి మీద ఇంకో మరక. అవి ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి గానీ ఆయన పెన్నుల పిచ్చి మాత్రం అరగలేదు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఇంకు నిండుకునేది కాదు.

బల్ల సొరుగు నిండా పెన్నులే. మనవడు పుట్టాడన్న సంతోషంలో ఎవరో చేతిలో పెట్టిపోయినవి కొన్ని, నాకు తెలియకుండా కొనుక్కుని 'ఎప్పటిదో పాతదోయ్' అని బొంకినవి కొన్ని. ఆదివారం వచ్చిందంటే చాలు, అన్నిటినీ విప్పి, గోరువెచ్చని నీళ్ళతో పాళీలు కడిగి, పాతబట్ట మీద వరసగా ఆరబెట్టేవారు. "పిల్లలకి నీళ్ళు పోసినట్టు పోస్తారే" అని కొత్తలో నవ్వేదాన్ని. తర్వాత ఆ మాట అనడం మానేశాను.

రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు ఒక సాయంత్రం ఆ సొరుగు మొత్తం మంచం మీద కుమ్మరించారు.

"ఏమోయ్, ఇక ఇవన్నీ పంచేస్తా. ఒక్కటంటే ఒక్కటే ఉంచుకుంటా. చచ్చేదాకా అదే."

"శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది. దీపాలు పెట్టేవేళ ఆ మాటలేంటి?" అని కసిరాను.

"చావు మాట నాకు కొత్తా? నాకు జీతమే దానికిస్తున్నారు."

ఆ పరాచికానికి నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఇక చూడండి నా తిప్పలు. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఒక్కో పెన్నూ తీసి, మా ఇంటి చిరునామా రాసి, దీపానికి ఎదురుగా పెట్టి చూడ్డం. ఇది బరువు, వేళ్ళు లాగేస్తున్నాయంటారు. ఇది కక్కుతోందంటారు. ఇంకోటి కాగితాన్ని గీరుతోందంటారు. నన్ను చేసుకోవడానికి కూడా ఇంత ఆలోచించలేదు ఈ మహానుభావుడు. నేను మాత్రం లోలోపల నిశ్చింతగా ఉన్నాను. ఈ సొరుగులోవి ఏవీ ఆయన ఉంచుకోరు. ఉంచుకునేది ఆఫీసు బల్ల మీద ఉన్న చిలకాకుపచ్చ పెన్ను.

దాని సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన పుట్టుకకీ చావుకీ ఒకటే పెన్ను వాడేవారు. ఒకరోజు ఎవరో పెద్దాయన మరణం రాసి, ఆ ఇంకు ఆరకముందే వరసలో తర్వాతి మనిషి వైపు తిరిగారట. ఒళ్ళో పసిగుడ్డుతో ఒక అమ్మాయి. "ఆ పెన్నుతోనే నా బిడ్డ పేరు రాస్తారా?" అని కాగితం వెనక్కి లాక్కుందట. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే సొంత డబ్బుతో రెండు పెన్నులు కొన్నారు. పుట్టినవాళ్ళకి చిలకాకుపచ్చది, పోయినవాళ్ళకి కాఫీరంగుది. రెండూ ఒకే కంపెనీవి, పాళీ కూడా ఒకటే, రంగే తేడా. ఆనాటి నుంచి ఒకదాని పని ఇంకోదానికి చెప్పలేదు.

మా బుడంకాయ పేరు చిలకాకుపచ్చ పెన్నుతోనే రాశారు. మా పిల్ల పుట్టినప్పుడు పిడికెడు ఉండేది, అందుకని బుడంకాయ. అసలు పేరు వేరే ఉంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఆ పేరు రిజిస్టరులో రాసి వచ్చిన రోజున, "ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదోయ్, ముత్యాలనుకో" అని ఒకటే పొంగిపోవడం.

నాలుగేళ్ళు నిండకుండానే జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా పిల్ల లేదు.

ఆయన సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్ళినరోజు, తన సీట్లో కూర్చుని, కాఫీరంగు పెన్ను మూత తీసి, పిల్ల మరణం తన చేత్తోనే రాసి వచ్చారు. పక్క సీటు ఆవిడ "మీరు లేవండి, నేను రాస్తాను" అన్నా వినలేదట. ఆవిడే వచ్చి నాకు చెప్పి ఏడ్చింది. నేను ఆయన్ని అడిగింది ఒక్కటే. "ఎలా ఆడిందండీ చెయ్యి?"

ఆయన జవాబు చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు. వండిపెట్టాను, ఉతికిపెట్టాను, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేశాను. కానీ మనసులో ఒక మూల ఆ మనిషి మీద కోపం కుంపటిలా ఉండిపోయింది. పైకి బూడిద, లోపల నిప్పు.

అదండీ సంగతి. ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి, ఆయన రిటైరయ్యే రోజూ వచ్చింది. అప్పటికే సొరుగు ఖాళీ. బంగారు పాళీ ఉన్నది మా తమ్ముడికి ఇచ్చారు. వాడు దాన్ని జేబుకి నగలా తగిలించుకుని తిరిగాడే తప్ప ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం నేను బల్ల తుడిచి, కొత్త ఇంకుబుడ్డి తెచ్చి పెట్టాను. నా బిడ్డ పేరు రాసిన పెన్ను ఇంటికి వస్తోంది. ఇన్నేళ్ళలో దాన్ని నేను ఒక్కసారైనా ముట్టుకోలేదు. ముట్టుకోవాలని ఎంత ఆశగా ఉందో నాకే సిగ్గేసింది.

ఆయన వచ్చి, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. కాఫీరంగుది.

"ఆకుపచ్చదేదీ?"

"పక్క సీటు ఆవిడకి ఇచ్చేశానోయ్. వాళ్ళ మనవరాలు రాసుకుంటుందట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మంచిదాన్ని ఊరికిచ్చి ఈ పాడుముండా పెన్నా ఇంటికి తెచ్చారు? మతి ఉండే తెచ్చారా? ఏ కాలవలోనో పారేసి రండి. ఇది ఇంట్లో ఉంటే నేనుండను."

ఆయన బూట్లు కూడా విప్పలేదు. గుమ్మం పక్కన బెంచీ మీద అలాగే కూలబడ్డారు. 

"ఆకుపచ్చదానికేం భయమోయ్? ఎవరి దగ్గరున్నా ముద్దుగానే చూసుకుంటారు. దీన్ని అక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు తీసి మళ్ళీ అదే రాస్తారు. మన పిల్ల పేరు రాసింది ఇది. చాలు. నేను బతికున్నన్నాళ్ళూ దీంతో ఇంకేదన్నా రాయిస్తా. పాలు, ఉప్పు, చక్కెర, ఏదైనా సరే. అది మాత్రం ఇక రాయనివ్వను."

నేను కొత్త ఇంకుబుడ్డిని పక్కకి జరిపాను.

"ఎలా ఆడింది చెయ్యి అని అడిగావు కదా. ఆడలేదు. పక్క సీటావిడ రాత కోడి గీకినట్టుంటుంది. మన పిల్ల పేరు అలా ఉండిపోకూడదనిపించింది. పుట్టినప్పుడు ఎంత శ్రద్ధగా రాశానో అంతే శ్రద్ధగా రాద్దామని కూర్చున్నా. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడంచేత్తో పట్టుకుని రాశా." గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసిన పిల్లాడిలా అన్నారు, "అయినా బాగా రాలేదోయ్."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కరిగిపోయాననుకునేరు. అంత తేలిగ్గా కరిగే గుణం నాకు లేదు. కానీ పెన్ను పారేయమని మళ్ళీ అనలేదు. అది ముందుగది కిటికీ గట్టు మీద చోటు చేసుకుంది.

అన్న మాట ప్రకారం ఆయన రాయించారు. డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అతికించారు. అందులో ఉప్పుకి చక్కెరనీ చక్కెరకి ఉప్పునీ అతికించి, నా చేత కాఫీలో ఉప్పు వేయించారు. ఇంత అందమైన అక్షరాలతో ఇంత తప్పు రాసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. పత్రికలో గళ్ళనుడికట్టు దాంతోనే నింపేవారు. బయటికెళ్తే పొయ్యి పక్కన చీటీ ఉండేది: 'పాలు పెట్టా, చూసుకో. నీ మీద కోపమేం లేదు. నడకకి వెళ్తున్నా.' కోపమెందుకు లేదో, పొద్దున ఎవరు ఎవర్ని ఏమన్నారో ఇద్దరికీ తెలుసు. ఆదివారం పాళీ కడగడం మానలేదు. ఒక్క పెన్నే కదా, చిటికెలో అయిపోయేది. అయినా అదేపనిగా కడుగుతూ కూర్చునేవారు. నీళ్ళు తేటగా వస్తున్నా ఆపేవారు కాదు.

ఒకసారి కుళాయి బాగుచేసేవాడు ఫోనులో నంబరు చెబుతుంటే, తొందరలో చేతికందిన పెన్ను తీసి రాసుకున్నాను. రాశాక చూస్తే కాఫీరంగుది. ఆయన కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. "ఒత్తకోయ్," అన్నారు మెల్లగా, "దాని బరువు చాలు దానికి." లేచి వెళ్ళి అంట్లు తోమారు. ఆ రోజు నుంచి నేనూ దాంతో రాశాను. ఎలా ఆడిందని మళ్ళీ ఎప్పుడూ మనసులో కూడా అనుకోలేదు.

పోయిన నెల గుండెల్లో నొప్పని ఆసుపత్రిలో చేర్చాం. మర్నాటికి తేరుకుని, ఇంటి నుంచి ఏమేం తేవాలో ఆ పెన్నుతోనే చీటీ రాసిచ్చారు. కళ్ళజోడు, దువ్వెన, తెల్లచొక్కా. పెన్ను కూడా నా సంచిలో వేసి, "ఇంకు పట్టించుకురా" అన్నారు. నేను అన్నీ తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకోవాల్సిన మనిషి నేను వచ్చేలోపే వెళ్ళిపోయారు.

ఇవాళ ఆ ఆఫీసుకి వెళ్ళాను. తమ్ముడు తోడొస్తానంటే వద్దన్నాను. ఆయన సీటు ఉన్నచోట ఇప్పుడు గాజుకిటికీ, దాని వెనక కంప్యూటరు ముందు ఓ అమ్మాయి. పోయినవారి పేరు అడిగింది, చెప్పాను. టకటకా కొట్టుకుంది. ఆ పేరుగల మనిషి ఇదే గదిలో జుట్టు నెరిసేదాకా పనిచేశారని ఆ అమ్మాయికి తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయం.

"ఇది నింపి సంతకం పెట్టండమ్మా."

కిటికీకి దారంతో కట్టిన బాల్‌పెన్ను ఉంది. సగం అక్షరం పడితే సగం పడదు.

"మీ సంచిలో పెన్ను కనబడుతోంది కదమ్మా, దాంతో రాయండి" అంది ఆ అమ్మాయి.

"అది దీనికి రాయదమ్మా."

"ఇంకు అయిపోయిందా?"

"ఇంకు నిండుగానే ఉంది. దీనికి రాయదు, అంతే."

ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసి కంప్యూటరు వైపు తిరిగింది. నేను ఆ దారం పెన్నుతోనే దిద్దిందే దిద్దుతూ ఆయన పేరు రాశాను. ముత్యాల్లా రాయాలని ఎంతో అనుకున్నాను. చెయ్యి ఆడలేదు. ఎడంచేత్తో పట్టుకుని రాశాను. అయినా బాగా రాలేదు. ఆ రోజు ఇదే చోట కూర్చుని ఆయన పడ్డ బాధ ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. అన్నేళ్ళు కోపం పెట్టుకున్నానే అని గుండె తరుక్కుపోయింది.

రసీదు తీసుకుని పక్కకి జరిగాను. నా వెనకతను వచ్చి అదే పెన్ను కాగితం మీద గీకాడు, విదిలించాడు. అది పూర్తిగా చచ్చింది. అతని గడ్డం మాసి, నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డా, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అమ్మా, మీ పెన్నొకసారి ఇస్తారా? పాప పేరు రాయాలి."

నా చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. కాగితం వెనక్కి లాక్కున్న ఆ పసిబిడ్డ తల్లి గుర్తొచ్చింది. ఈ పెన్ను ఎంతమంది పేర్లు రాసిందో తెలిస్తే ఇతనూ లాక్కుంటాడు. చెప్పాలా? పాలు, ఉప్పు, చక్కెర అని ఆయన ఇన్నేళ్ళు రాయించారు. ఆదివారం ఆదివారం కడిగారు. ఇంకా ఎంత కడగాలి దీన్ని?

మూత తీసి ఇచ్చాను. "ఒత్తకు నాయనా. దాని బరువు చాలు దానికి."

నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం జాగ్రత్తగా రాశాడు. "భలే రాస్తోందండీ!" అని నవ్వుతూ తిరిగి ఇచ్చాడు. ఏం పేరో నేను చూడలేదు. చూడాలంటే ధైర్యం చాలలేదు.

బయటికొచ్చాక బస్సు కోసం ఆగలేదు, నడిచేశాను. నడక కూడా కాదు, ఈ వయసులో దాదాపు పరుగు. మీ పెన్ను ఇవాళ ఒక పసిపిల్ల పేరు రాసిందండీ అని చెప్పాలి. భలే రాస్తోందన్నాడండీ అని చెప్పాలి. వింటే ఆయన మొహం ఎలా ఉంటుందో దారంతా తల్చుకుంటూ వచ్చాను.

తాళం తీస్తూనే "ఏవండీ, ఇది విన్నారా!" అని కేకేశాను.

ముందుగదిలో కుర్చీ ఖాళీగా ఉంది. నా సంచిలో, పెన్ను పక్కనే, ఆయన పేరున్న రసీదు ఉంది.