ఒళ్లో ఆమ్మీటరు

రాజమండ్రి స్టేషన్లో వాల్తేరు పాసింజరు ఎక్కేటప్పుడే నాకు దిగిపోవాలనిపించింది. దిగడానికి వీల్లేదు. నా వెనకే ఆమ్మీటరు పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకుని బుల్లబ్బాయి ఎక్కుతున్నాడు.

ఆ పెట్టెకి లక్క సీలు మా మేనేజరు భీమరాజుగారు తన చేత్తో వేశారు. "విశాఖపట్నం లాబుకి తీసుకెళ్లి, సరిగ్గా చూపిస్తోందో లేదో కాలిబ్రేషన్ చేయించు, జోగేశ్వరరావ్. బుల్లబ్బాయిని కూడా వెంటబెట్టుకెళ్లు. తరవాత మనమే మీటర్లో ఏదో చేశామని అతను అనకూడదు" అన్నారు. సోమవారం ఎంక్వయిరీ. బుల్లబ్బాయి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ లాబువాళ్లిచ్చే రిపోర్టు మీద ఉంది.

మాది పంచదార ఫ్యాక్టరీ. నేను మీటర్ల గదిలో మెకానిక్‌ని. ఫ్యాక్టరీలో కరెంటు కొలిచే ఆమ్మీటర్లన్నిటినీ ఈ ఒక్కదానితో సరిచూస్తాను. ఇది తప్పు చూపిస్తే అన్నీ తప్పే. బుల్లబ్బాయి పంపుహౌసు ఆపరేటరు. మోటారు ఎంత కరెంటు లాగుతోందో గంటగంటకీ చూసి పుస్తకంలో రాయాలి. అరవై ఆంపియర్లు దాటితే మోటారు ఆపెయ్యాలి.

జనవరి నెలాఖర్లో, చెరుకు క్రషింగ్ జోరు మీదుండగా, ఆ మోటారు దాని మీటరుతో సహా కాలిపోయింది. రెండు రోజులు ఫ్యాక్టరీ ఆగింది. చెరుకు బళ్లు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి. పుస్తకం తీసి చూస్తే ప్రతి గంటకీ యాభై అయిదు, యాభై ఆరు అని ఉంది. అంత తక్కువ లాగే మోటారు కాలదు కనక, కుర్చీలోంచి లేవకుండా అంకెలు వేసేశాడని బుల్లబ్బాయిని సస్పెండు చేశారు. అలా రాసే మహానుభావులు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు. ఇతను మాత్రం కాదు.

ఆ సంగతి నాకు తెలుసు. దీపావళికి ముందు ఈ ఆమ్మీటరు నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. గదిలో ఎవరూ లేరు. ఎత్తి చూస్తే ముల్లు బుద్ధిగా సున్నా దగ్గరే ఉంది. బాగానే ఉందని అనుకోలేదు, బాగానే ఉందని అనుకోవాలని తీర్మానించుకున్నాను. చెబితే మెమో వస్తుంది, రావలసిన పై గ్రేడు ఆగిపోతుంది. రిజిస్టర్లో 'సరిగా ఉన్నది' అని రాసి, దీంతోనే పంపుహౌసు మీటరు సరిచేశాను. మోటారు కాలాక మేనేజరుగారు అడిగితే "మీటర్లన్నీ కరెక్టేనండి" అన్నాను. బుల్లబ్బాయి మాత్రం చూసే రాశానని మొత్తుకోవడంతో ఈ పరీక్ష పెట్టారు.

రైల్లో కిటికీ పక్కన నేను, ఎదురుగా బుల్లబ్బాయి కూర్చున్నాం. నా పక్కన తుని వెళ్లే తమలపాకుల వర్తకులు ఇద్దరు, కాళ్ల కింద వాళ్ల బుట్టలు. కాలు చాపే చోటు లేదు. బుల్లబ్బాయి మోకాళ్లు నా మోకాళ్లకి తగులుతూనే ఉన్నాయి.

"పెట్టె కింద పెట్టు బుల్లబ్బాయ్, కాళ్లు తిమ్మిరెక్కుతాయి" అన్నాను సామర్లకోట దాటాక.

"వద్దండీ బాబూ, అదురుతుందండి. నేను చూసే రాశానని చెప్పేది ఇదొక్కటేనండి. ఇందులో తేడా ఉంటే లాబువాళ్లు పట్టేస్తారు కదండీ?"

"పట్టేస్తారు."

"మీరు కరెక్టని చెప్పినందుకు నాకేం కోపం లేదండి. లోపల తేడా ఉంటే మీకు మాత్రం ఎలా తెలుస్తుందండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. మంచివాళ్లంటే నాకు మొదట్నించీ పడదు. ఎదురుగా కూర్చుని మనల్ని ఊపిరి తీసుకోనివ్వరు.

తునిలో వర్తకులు బుట్టలెత్తుకుని లేచారు. వాళ్లకి దారివ్వడానికి బుల్లబ్బాయి కూడా లేచాడు. ఇంజను ఒక్క కుదుపు కుదిపింది. పెట్టె అతని చేతుల్లోంచి జారి, బల్ల అంచుకి కొట్టుకుని నేల మీద పడింది. సీలు చెక్కుచెదరలేదు. బుల్లబ్బాయి మాత్రం కూలబడిపోయాడు.

"పోయిందండీ. నా చేతులతో నేనే పోగొట్టుకున్నానండీ!" అంటూ పెట్టెని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నాకు జాలి కలగలేదు. హాయిగా అనిపించింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఇక మీటరు ఎంత తప్పు చూపించినా అది తునిలో తగిలిన దెబ్బే అవుతుంది. దీపావళి నాటి దెబ్బ ఎవరికీ అక్కర్లేదు.

పట్టాల మీద ఏదో గూడ్సు అడ్డమై రైలు రెండు గంటలు కదల్లేదు. హాయి పావుగంట కూడా నిలవలేదు. బుల్లబ్బాయి కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. టీ ఇప్పిస్తే ముట్టుకోలేదు. "మా ఆవిడ రామలక్ష్మికి ఏం చెప్పనండీ?" అని నన్నే అడుగుతాడు. చెప్పెయ్యాలని మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మూడుసార్లూ మింగేశాను. పక్క సీటు ఖాళీ అయింది. కావాలంటే జరగొచ్చు, ప్లాట్‌ఫారం మీదికి దిగొచ్చు. నన్నెవరూ పట్టుకోలేదు. అయినా ఆ మోకాళ్ల ఎదుటినుంచి లేవలేకపోయాను.

మర్నాడు పొద్దున్న లాబులో యెహెజ్కేలుగారని ఒక పెద్దాయన సీలు తీసి, మా మీటర్నీ తన మీటర్నీ కలిపి కరెంటు పంపించారు. ఆయనది అరవై ఆరు చూపిస్తుంటే మాది యాభై అయిదు దగ్గర ఒరుసుకుని ఆగిపోయింది. తరవాత మూత విప్పి భూతద్దం పెట్టి చూశారు.

"ముల్లు తిరిగేచోట ఉండే చిన్న రాయి చిట్లింది. ఎక్కడైనా పడేశారా?"

"నేనేనండి. నిన్న తునిలో నా చేతిలోంచి పడిపోయిందండి" అన్నాడు బుల్లబ్బాయి.

"అయితే దారిలో పాడైందని రాస్తాను. అంతకుముందు ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు" అని ఆయన కలం తీశారు.

ఆ ఒక్క ముక్క రాస్తే బుల్లబ్బాయి ఉద్యోగం పోయినట్టే. అతను నావైపు తిరిగి చేతులు జోడించాడు. "క్షమించండి జోగేశ్వరరావుగారూ. నా మూలాన మీకూ మాటొస్తుందేమో. మీ తప్పేం లేదని మేనేజరుగారికి నేనే చెప్తానండి."

"అలా రాయకండి" అన్నాను యెహెజ్కేలుగారితో. "అది దీపావళి ముందే పడింది. నేనే పడేశాను. ఎవరికీ చెప్పలేదు."

ఆయన తెల్లకాగితం నా ముందుకి జరిపారు. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది, బుల్లబ్బాయి ఇప్పుడు నా చేతులు పట్టుకుంటాడని ఆశపడ్డాను.

బుల్లబ్బాయి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "దీంతో నా ఉద్యోగం నిలుస్తుందాండీ?" అని ఆయన్ని అడిగాడు. నిలుస్తుందన్నారాయన. అప్పుడు నావైపు చూశాడు.

"తునిలో రెండు గంటలు ఆగాం కదండీ. అంతసేపూ నన్నెలా ఏడవనిచ్చారండీ?"

నేను యెహెజ్కేలుగారి కలం ఆయనకి తిరిగిచ్చేశాను.

మీటరు బాగుచెయ్యడానికి లాబులోనే ఉంచుకున్నారు. తిరుగు రైలు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని కాళ్లు చాపుకున్నాను. బుల్లబ్బాయి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"బోలెడు చోటుంది, వచ్చి కూర్చో" అన్నాను.

"పర్లేదండి" అన్నాడు. రాజమండ్రి వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.