నిన్నటి వాన

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. అందులో మొదటి సగం మీద ఇరవై రెండేళ్లుగా జీతం తీసుకుంటున్న మనిషి ఆవిడ. యూనివర్సిటీలో నీటి విభాగంలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. విద్యార్థులకూ, తోటి పంతుళ్లకూ, చివరికి క్యాంటీన్లో టీ పోసేవాడికీ ఆవిడ వరద మేడమే. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తుంది.

ఆ వారం వరద మేడమ్ నేల మీద నడవడం లేదు. గురువారం ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. పదకొండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని ఉంది. "ఈసారి నీకు కాకపోతే ఎవరికమ్మా?" అని విభాగం హెడ్డు తనంతట తానే అన్నాడు. అందుకు కారణం ఆవిడ కనిపెట్టిన ఒక్క సంగతి. కొండమీద పెద్ద వాన పడితే ఆ నీళ్లు నదిలో దిగి కింద పట్నాన్ని ముంచడానికి పూర్వం ఒక రోజు పట్టేది. పదకొండేళ్ల కిందట కొండ నిండా మొక్కలు నాటారు. ఆ తర్వాతి సంవత్సరాలకు లెక్క తీస్తే రెండు రోజులు పడుతోంది. అంటే చెట్లు వరదను ఒక రోజు పట్టి ఆపుతున్నాయన్నమాట. ఈ మాట ఎన్నో సభల్లో చెప్పి ఆవిడ చప్పట్లు కొట్టించుకుంది.

పట్నం మున్సిపాలిటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. కొండమీద వాన పడగానే హడావుడి పడనక్కర్లేదు, మర్నాడు నింపాదిగా సైరన్ మోగించి జనాన్ని ఖాళీ చేయిస్తే చాలని తీర్మానం రాసి పెట్టుకుంది. వచ్చే సోమవారం దాని మీద సంతకాలు.

ఆ పట్నంలోనే, నది ఒడ్డునే, వరద మేడమ్ అక్కకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. వచ్చిన ప్రతి మనిషికీ కొలతలు తీసుకుంటూ, "వరదను ఒక రోజు ఆపింది మా చెల్లెలే" అని చెబుతుంది. చెట్ల ఊసే ఎత్తదు.

ఇంటర్వ్యూలో చూపించడానికి హెడ్డు ఒక సలహా ఇచ్చాడు. "అన్నీ గీతలూ అంకెలే ఉన్నాయి. ఒక మనిషి ఫొటో పెట్టు. కమిటీ కరుగుతుంది."

కరిగించే మనిషి ఎవరో వరద మేడమ్‌కు తెలుసు. ఆ కొండ మొత్తానికి వాన కొలిచే డబ్బా ఒక్కటే ఉంది, ఒక బడి మేష్టారి ఇంటి పెరట్లో. ఆయన నలభై ఏళ్లు కొలిచాడు. ఆయన పోయాక ఆయన భార్య కొలుస్తోంది. ఊళ్లో ఆవిణ్ణి మేష్టారమ్మ అంటారు. మధ్యలో యూనివర్సిటీ వాళ్లు రెండుసార్లు యంత్రాలు పెట్టారు. మొదటిది తడిసి చచ్చిపోయింది. రెండోదాంట్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి. మేష్టారమ్మ కాగితం మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున, రోజుకో గడి చొప్పున నిండి, పోస్టులో వచ్చేది.

సోమవారం సాయంత్రం వరద మేడమ్ కొత్త కొలత గ్లాసు ఒకటి కానుకగా పట్టుకుని కొండెక్కింది. రాత్రి వాన పడింది. మంగళవారం పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు మేష్టారమ్మ గొడుగేసుకుని పెరట్లోకి వెళ్లి, డబ్బాలో నీళ్లు కొత్త గ్లాసులోకి వంచి, మోకాళ్లు పట్టుకుని వంగి గీతల దాకా కన్ను దించి చూసింది. గ్లాసు నిండితే ఇరవై మిల్లీమీటర్లు. ఒక గ్లాసు నిండి రెండోదాంట్లో పదిహేడు గీత దాకా వచ్చింది.

"ముప్పై ఏడు," అంది పరీక్ష ఫలితం చదివినట్టు. వరద మేడమ్ ఫొటో తీసుకుంది. కమిటీ ఏమిటి, ఆ ఫొటోకు రాయి కూడా కరిగేదే.

లోపలికొచ్చి మేష్టారమ్మ కళ్లజోడు తుడుచుకుని కాగితం ముందు కూర్చుంది. ముప్పై ఏడు అని రాసింది. రాసింది మంగళవారం గడిలో కాదు, దాని పైనున్న సోమవారం గడిలో.

"అమ్మా, ఇవాళ మంగళవారం కదా. సోమవారం గడిలో రాస్తున్నారేం?"

"వాన ఎప్పుడు కురిసింది?"

"రాత్రి."

"రాత్రంటే నిన్నేగా. నిన్నటి వాన నిన్నటి గడిలో కాక ఇంకెక్కడ రాస్తారు తల్లీ?"

"కొలిచిన రోజు గడిలో రాయాలని రూలమ్మా. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. మేష్టారు అలాగే రాసేవారు కదా?"

"రాసేవారు. నలభై ఏళ్లూ తప్పే రాశారు. ఉన్నన్నాళ్లూ చెప్పాను, నా మాట వింటేగా! ఆయన పోయాక మొదటి కాగితం నుంచీ నేను సరిచేశాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులను వరద మేడమ్ చాలామందిని చూసింది. సగం మంది తన విభాగంలోనే ఉన్నారు. కానీ ఈ కుందేలు తన కుర్చీ కిందనే పదకొండేళ్లు కాపురం ఉంటుందని అనుకోలేదు. మేష్టారు పోయింది పదకొండేళ్ల కిందట. మొక్కలు నాటిందీ ఆ ఏడే. కాగితం మీద వాన ఒక రోజు ముందే పడ్డట్టు ఉంటే, లెక్కలో వరద ఒక రోజు ఆలస్యంగానే వస్తుంది మరి. వరదను ఆపింది చెట్లు కాదు, అక్క చెప్పుకుంటున్నట్టు తనూ కాదు. మేష్టారమ్మ పెన్ను.

"ఏం తల్లీ, ముఖం అలా అయింది? టీలో చక్కెర తక్కువైందా?"

"లేదమ్మా. బాగుంది." వేడి టీ ఒక్క గుక్కలో మింగి నోరు కాల్చుకుంది.

బస్సులో కిందికి దిగుతుండగా అక్క ఫోన్ చేసింది. "మిషన్లన్నీ కింద గదిలోకే మార్పించానే. వెలుతురు బాగుంది. వానొచ్చినా పైకి మోసుకోవడానికి ఒక రోజు చేతిలో ఉంటుందిగా, నువ్వే చెప్పావుగా."

వరద మేడమ్ తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసింది. బస్సు మలుపులు తిరుగుతూ ఉంటే కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. పప్పులో కాలేసింది తను. కాలు కడుక్కునే నీళ్లు అక్క ఇంట్లోకి వస్తాయి.

ఆ సాయంత్రమే హెడ్డు గదికి వెళ్లి మొత్తం చెప్పింది. ఆయన చాలాసేపు బల్ల మీద అద్దంలో తన ముఖం తానే చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"గురువారం దాటనివ్వమ్మా. శుక్రవారం కనిపెట్టినట్టు చెప్పు. మున్సిపాలిటీ సంతకాలు సోమవారం కదా. పట్నానికి వచ్చిన నష్టం లేదు, నీకూ లేదు."

అందులో అబద్ధమేమీ లేదు. అదే వచ్చిన చిక్కు. మూడు రోజులు నోరు మూసుకుంటే ఎవరికీ గోరంత నష్టం లేదు, తనకు మాత్రం కొండంత లాభం. వరద మేడమ్‌కు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. తలుపు దాకా వెళ్లి పిడి మీద చెయ్యి వేసింది కూడా. అప్పుడు కళ్లజోడు తుడుచుకుంటున్న మేష్టారమ్మ గుర్తొచ్చింది.

"మంగళవారం తెలిసిన సంగతి శుక్రవారం గడిలో ఎలా రాసేది సార్?" అంది.

హెడ్డుకు ఆ మాట సగమే అర్థమైంది. ఆ సగానికే నిట్టూర్చాడు.

గురువారం కమిటీ ముందు మొట్టమొదట మేష్టారమ్మ ఫొటో చూపించింది. "నేను కనిపెట్టింది తప్పు. వరదకు ఇప్పుడూ ఒక రోజే పడుతోంది. ఎక్కడ పొరబడ్డానో చెబుతాను," అని మొదలుపెట్టింది. ఒక సభ్యుడు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. అధ్యక్షురాలు నవ్వలేదు. మంచి మాటలు నాలుగు చెప్పి, పదవిని వచ్చే ఏటికి వాయిదా వేశారు. వరద మేడమ్ ఇంటికొచ్చి గంటసేపు ఏడ్చింది. తర్వాత ఆకలేసింది. తిని, చాలా రోజుల తర్వాత ఒళ్లు మరిచి నిద్రపోయింది.

మున్సిపాలిటీ తీర్మానం మారింది. కొండమీద వాన పడ్డ కబురు రాగానే సైరన్. అక్క నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు తిట్టడానికి ఫోన్ చేసి కబుర్లలో పడింది. విద్యార్థులు ఎవరైనా ఆలస్యంగా వస్తే "మేష్టారమ్మ గడిలో నిన్ననే వచ్చాడు" అనడం మొదలుపెట్టారు. ఆ మాటకు అందరికన్నా గట్టిగా నవ్వేది వరద మేడమే. మేష్టారమ్మకు కూడా విషయం పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ బాధపడుతుందేమోనని భయపడింది కానీ, ఆవిడ "అయితే మీ రూలే మార్చుకోవలసింది," అంది. చివరికి, "నీ కోసం కొలిచిన రోజు గడిలోనే రాస్తాలే," అని ఒప్పుకుంది.

వానాకాలం నడిమధ్యలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు క్లాసులో ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను. ఎనిమిదిన్నర కాలేదు, నాకు తెలుసు. ఊరుకోలేక డబ్బా తీసి కొలిచాను. పొద్దుటి నుంచి ఏడు గ్లాసులు నిండాయి, ఎనిమిదోది సగం. రేపు పొద్దుటిదాకా ఆగమంటే నేను ఆగుతాను. వాన ఆగేట్టు లేదు."

నూట యాభై. వరద మేడమ్ చేతిలో సుద్దముక్క విరిగింది.

"ఇది ఇవాళ్టి వానే తల్లీ. ఏ గడిలో రాయమంటావు?"

"గడి సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు నన్ను సైరన్ మోగించనివ్వండి."

నాలుగింటికల్లా పట్నంలో సైరన్ మోగింది. నది మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అక్క మేడ మీద నుంచి ఫోన్ చేసి, నీళ్ల చప్పుడు మధ్య అరిచినట్టు మాట్లాడింది. "కింద గదిలో నడుంలోతు నీళ్లే! మిషన్లన్నీ నా పక్కనే ఉన్నాయి. వీధిలో ఒక్క మనిషి లేడు, అందరూ బడి మేడ మీదే. ఒసే, నీ రెండు రోజుల లెక్కే ఉండి ఉంటే నేనిప్పుడు మొదటి మిషను ఎత్తుతూ ఉండేదాన్ని!"

వరద మేడమ్ వరండాలో నిలబడి, పిల్లలందరూ చూస్తుండగానే, సంతోషంతో ఏడ్చింది.

ఒకటో తారీఖున కొండ నుంచి కాగితం వచ్చింది. ఆ వాన రూలు ప్రకారం మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచిన గడిలోనే ఉంది. పక్కన అంచు మీద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: "నువ్వు చెప్పినట్టే రాశాను. వాన మాత్రం నిన్నటిదే."

వచ్చే ఏటి దరఖాస్తులో అన్ని కాగితాలకన్నా పైన వరద మేడమ్ దాన్నే పెట్టింది.