పెదాలు చదివే మనిషి

మార్కు గొంతు సంగతి ముందే చెప్పాలి. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇరవై రెండేళ్లుగా డంపర్ నడుపుతున్న మనిషి. ఆ ఇంజన్ల మోతకు చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెట్టింపయింది. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపిస్తుంది. గనిలో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లు ఎదుటివాడి పెదాలు చూసి మాట తెలుసుకుంటారు. మార్కు అందులో ఆరితేరినవాడు. చర్చిలో మైకు పాడైన ఆదివారం వెనక వరసలో కూర్చుని ప్రసంగమంతా అర్థం చేసుకున్నది ఆయనొక్కడే.

ఆయన కూతురు ఏంజెల్ ఖమ్మంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. కాకినాడ దాటాక, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట మడ అడవుల పార్కు ఒకటుంది. అక్కడ పిట్టల్ని లెక్కపెట్టడానికి క్లాసంతా ఖమ్మం నుంచి బస్సులో వెళ్లింది. సెలవుకు ఇంటికొచ్చిన ఏంజెల్‌ను తానే తీసుకెళ్తానన్నాడు మార్కు. సెకండ్ షిఫ్టు దిగి, మూడు గంటలు పడుకుని, దోస్తు కారు అడుక్కొచ్చి, ఆ రోజు మస్టరు, దాంతో వచ్చే జీతం కూడా వదులుకుని స్టీరింగు పట్టాడు.

"భద్రాచలం కాడ చూసే గోదారి ఆఖరికి ఏమైతదో నేను గూడ చూస్త బిడ్డా," అన్నాడు దారిలో.

పార్కులో సముద్రం పోటు తగ్గి నీరు తీసింది. బురద మీద కొంగలు, ఉల్లంకి పిట్టలు గుంపులుగా మేస్తున్నాయి. చెక్క వంతెన మొదట్లోనే గైడు పిచ్చయ్య పెదాల మీద వేలు పెట్టి, "ఇక్కణ్ణుంచి ఎవరూ మాట్లాడకండమ్మా," అని చెప్పాడు. వాళ్ల లెక్చరర్ రోజారాణి మేడం ఇచ్చే మార్కులన్నీ ఆ పిట్టల లెక్క మీదే. ఏంజెల్ మూడువందల నలభై దాకా వచ్చింది. కారు నిలిపి వెనకగా వచ్చిన మార్కు గైడు హెచ్చరిక చూడలేదు.

అప్పుడు లేచింది ఆ గొంతు.

"గటు చూడున్రి, నీటికుక్కలు. మూడున్నయ్."

నీటికుక్కలు బుడుంగున నీళ్లలోకి పోయాయి. పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి. బురద మీద ఒక్కటి మిగల్లేదు. పిల్లలు పెన్నులు పట్టుకుని వెనక్కి తిరిగారు, ఎవరో కిసుక్కుమన్నారు. మేడం ఏంజెల్ దగ్గరికొచ్చింది.

"ఎవరతను? నీతోని వచ్చిండు కదా."

ఏంజెల్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గొంతు బాగా తగ్గించి, "కారు డ్రైవర్, మేడం. కిరాయికి మాట్లాడుకున్నం," అంది.

తగ్గించాల్సింది గొంతు కాదు, తిప్పుకోవాల్సింది తల. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ మాత్రం గుర్తు రాకపోయింది. పదడుగుల అవతల మార్కు ఆమె మొహంవైపే చూస్తున్నాడు, నీటికుక్కల్ని చూసి బిడ్డ సంతోషపడిందా లేదా అని. చూసి, తల దించుకుని, కారు ఆపిన చోటికి నడిచాడు.

ఆ తర్వాత రెండు గంటలు ఏంజెల్ ఏం లెక్కపెట్టిందో ఆ నోటుబుక్కుకే తెలియాలి. ఎండ కళ్లల్లో పడి చూసి ఉండడులే అని ఒకసారి, చూసినా అర్థమై ఉండదులే అని ఒకసారి తనకు తానే సర్దిచెప్పుకుంది. మేడంతో కలిసి బయటికి వచ్చేసరికి మార్కు కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"బ్యాగు ఇటియ్యండి మేడం," అన్నాడు కూతురితో.

ఎంత మెల్లగా అన్నాడంటే, ఆయనకు అలాంటి గొంతొకటి ఉందని ఇన్నేళ్లలో ఏంజెల్‌కు తెలియదు. అది ఎత్తిపొడుపు కాదు. మేడం పక్కనే ఉంది, కూతురు ఆడిన అబద్ధం బయటపడకూడదని అన్నాడు. వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. చెంప మీద ఒక్కటి కొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది. ఏంజెల్ తల వంచుకుని వెనక సీట్లో కూర్చుంది.

కొంతదూరం పోయాక మార్కు తలపైనున్న చిన్న అద్దంలోకి చూస్తూ పెదాలతోనే అంది, "తప్పయింది నాయినా."

మార్కు చెయ్యెత్తి అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.

రైలు గేటు దగ్గర బండ్లన్నీ ఆగాయి. కాలేజీ బస్సు వచ్చి పక్కనే నిలబడింది. ఏంజెల్ దిగి ముందు తలుపు లాగింది, రాలేదు. మార్కు గేటువైపు చూస్తున్నాడు. ఆమె కిటికీ అద్దం మీద కొట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చి, గనిలో అరిచినట్టే అరిచింది.

"నాయినా, తలుపు తియ్యి. నేను నీ పక్కన కూసుంట."

బస్సు కిటికీలన్నిట్లోంచి తలలు బయటికొచ్చాయి. రోజారాణి మేడం కూడా చూస్తోంది. ఏంజెల్‌కు భూమిలోకి పోదామనిపించింది. ఈసారి మాత్రం గొంతు తగ్గించలేదు, మళ్లీ పిలిచింది.

మార్కు గాభరాగా తలుపు తీశాడు. బస్సువైపు ఒకసారి చూసి, మళ్లీ అదే మెల్లని గొంతుతో అన్నాడు.

"మెల్లగ బిడ్డా. మీ మేడం వింటది."