వేరుగా పెట్టిన చెంబు

హనుమంతమ్మ పెరట్లో కూర్చొని చింతపండు వేసి చెంబు తోముతోంది. నిన్నటిదాకా అది అటక మీద ఉండేది. పొద్దున్నే అవ్వ దించి, గడప బయట పెట్టి, "నీళ్ళు తాగను నీకు ఇది ఉండాదిలే తల్లీ" అంది.

తప్పు తనదే. కొత్తగా రాజధాని అయిన కర్నూలులో కూతురు నర్సు చదువు చదువుతోందని నాయన గోపన్న ఇంట్లో చెప్పి ఉంచాడు. పళ్ళ డాక్టరు దగ్గర పని నేర్చుకుంటున్నట్టు చెప్పలేదు. నిన్న సాయంత్రం అరుగు మీద ఆడవాళ్ళు చేరి అడిగితే తనే మురిసిపోయి చెప్పేసింది. ఎవరొచ్చినా నోరు తెరిపిస్తాననీ, ఎంగిలి తుడిచి పళ్ళ గార గీకుతాననీ, పనిముట్లు నీళ్ళలో మరిగిస్తాననీ.

"అందరి ఎంగిలీనా మే?" పక్కింటి తిరుపతమ్మ నవ్వింది. "ఇంగ నీ చేతి సంగటి మీ అవ్వ తిన్నట్టే."

అవ్వ గిడ్డమ్మ నవ్వలేదు. తల్లి లేని పిల్లను పెంచింది ఆవిడే. పళ్ళు రాని రోజుల్లో జొన్నరొట్టె తన నోట్లో నమిలి, మెత్తగా చేసి, ఆ ముద్దే పిల్ల నోట్లో పెట్టేదని ఊరంతా చెబుతారు.

చెంబు తోమడం అయ్యేసరికి లోపల మూలుగు వినిపించింది. మూడు రోజులుగా అవ్వ దవడ వాచి ఉంది.

"చూడనీ అవ్వా."

ఓర్చుకోలేక అవ్వ నోరు తెరిచింది. హనుమంతమ్మ సబ్బుతో చేతులు కడుక్కొని, వెనక పన్ను సందులో ఇరుక్కున్న వక్క పలుకు మెల్లగా తీసింది. దూదితో లవంగ నూనె అద్దింది. కాసేపటికి అవ్వ కళ్ళు మూసుకుంది.

"ఎంత మెత్తగుండాదే నీ చెయ్యి."

హనుమంతమ్మ మళ్ళీ రెండుసార్లు చేతులు కడుక్కొని, గోరువెచ్చని అంబలి తెచ్చింది.

"ఆడ పెట్టు" అంది అవ్వ.

అంబలి మీద పొర కట్టింది. ఈగ వాలితే హనుమంతమ్మ తోలింది.

"చల్లారిపోతాండాది అవ్వా."

"నీ చెయ్యి మంచిదే తల్లీ. నాకే గొంతు దిగదు." అవ్వ గోడ వైపు తిరిగింది. "ఆ పని మానుకో. పసుపు నీళ్ళు పోసుకోని వంటింట్లోకి రా. మళ్ళా నీ చేత్తోనే తింటా."

"ఇంగ నాలుగు నెల్లే గదమ్మా నేర్చుకునేది" అన్నాడు గోపన్న గుమ్మంలోంచి.

"అయితే ఆ గిన్నె నువ్వు తాగప్పా."

గోపన్న గిన్నె వైపు చూశాడు. కూతురి వేళ్ళ వైపు చూశాడు. పైగుడ్డ సర్దుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

హనుమంతమ్మ ఆయన అడుగు వేస్తాడేమోనని కాసేపు చూసింది. తర్వాత గిన్నె తీసుకుపోయి అంబలి ఎనుము కుడితిలో పోసింది. నూనె సీసా, దూది అవ్వ తలగడ పక్కన పెట్టింది. చెంబు తడి తుడిచి చేతిసంచిలో వేసుకుంది. గడప దాటి, కర్నూలు బస్సు ఆగే దారి పట్టింది.