అక్క పేరు మీద వచ్చిన పెట్టె

ఆ అయిదంతస్తుల బిల్డింగులో ముప్ఫై కాపురాలు. పొద్దున తొమ్మిది దాటితే మనిషి జాడ ఉండదు. పెద్దవాళ్ళు ఉద్యోగాలకీ, పిల్లలు బళ్ళకీ పోతే మిగిలేది కింద మెట్ల పక్క గదిలో బట్టలు కుట్టుకునే అక్క ఒక్కతే. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మిషను దగ్గర వెలుతురు చాలదని తలుపు బార్లా తీసి కూర్చునేది. ఆ తీసిన తలుపే ఆమె కొంప ముంచింది.

మొదట రెండో అంతస్తు టీచరమ్మ అడిగింది. "అక్కా, రేపు నాకో పార్సిల్ వస్తుంది, కాస్త తీసి పెట్టవూ" అని. దానికేం భాగ్యం, పెట్టింది. తర్వాత టీచరమ్మ ఎదురింటివాళ్ళు, వాళ్ళ పైవాళ్ళు. ఏడాది తిరిగేసరికి బిల్డింగు సెక్రటరీ గారు అందరి ఫోన్లకీ ఒక మెసేజి కొట్టాడు: "ఇకపై పార్సిళ్ళన్నీ కింది అక్క గదిలో దింపించుకోగలరు. అందరికీ సౌకర్యంగా ఉంటుంది." అందరికీనట! ఆ అందరిలో అక్క ఉందో లేదో ఆయన గారికి తట్టలేదు. ముప్ఫై మందీ బొటనవేళ్ళు ఎత్తారు. ఆమెకి ఒళ్ళు మండింది కానీ, రోజూ ఎదురుపడే మొహాలు, ఎవరితో తగువు పెట్టుకుంటుంది? ఆ బొటనవేళ్ళ కింద తన వేలు కూడా ఒకటి పెట్టి ఊరుకుంది.

పార్సిళ్ళు తెచ్చేవాడు నెత్తి మీది హెల్మెట్ తీసే తీరికైనా లేని మనిషి. అందుకే ఆమె అతన్ని హెల్మెట్ అనే పిలిచేది. ఇదివరకు అయిదంతస్తులు ఎక్కి దిగి, తాళాలు చూసి, ఫోన్లు చేసి ప్రాణం విసిగిపోయేవాడు. ఇప్పుడు బండి ఆపడం, గుమ్మంలో కుప్ప పోయడం, ఫోను తెర మీద ఆమె చేత వేలితో సంతకం గీయించుకోవడం, పోవడం.

"నువ్వున్నావు కాబట్టి బతికిపోయానక్కా" అనేవాడు.

"నేను చస్తే గానీ మీకు మెట్లు గుర్తురావురా" అనేది ఆమె.

ఏడాది చివరి సెలవులు వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఒకళ్ళకొకళ్ళు బహుమతులు ఇచ్చుకుంటారు కదా, ఇచ్చుకోనీ, వద్దన్నదెవరు? కానీ ఆ బహుమతుల మీద కూర్చుని అన్నం తినవలసింది ఈమె. మంచం మీద పెట్టెలు, మిషను కింద పెట్టెలు, పొయ్యి పక్కన పెట్టెలు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో ఒక్కో పెట్టె మీదా అంతస్తు నంబరు వేసి, వరసలుగా పేర్చేది. సాయంత్రం ఒక్కొక్కరూ వచ్చి, చెవి దగ్గర ఫోను అలాగే ఉంచుకుని, ఏది నాదని కళ్ళతోనే అడిగి, పట్టుకుపోయేవాళ్ళు.

ఇంతలో వాళ్ళకి ఇంకో తెలివి పుట్టింది. పెళ్ళానికి తెలియకుండా మొగుడూ, మొగుడికి తెలియకుండా పెళ్ళామూ, పిల్లలకి తెలియకుండా ఇద్దరూ బహుమతులు తెప్పించాలి. తమ పేరున వస్తే గుట్టు బయటపడుతుందని, పార్సిల్ మీద అక్క పేరే రాయించడం మొదలుపెట్టారు. ఆమెకి ఒక పేరుందని వాళ్ళకి గుర్తొచ్చేది అప్పుడే. అలాంటి పెట్టె వచ్చినప్పుడల్లా ఆమె ఫోటో తీసి "ఇది ఎవరిది?" అని అందరికీ పంపేది. మొదట ఎవరు "నాదే" అంటే వాళ్ళకి ఇచ్చేసేది. అదీ అక్కడి పద్ధతి. మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది, ఒక్కసారీ పొరపాటు జరగలేదు.

ఆ ఏడు పెట్టెలకి చోటు చాలక అక్క అటక మీది పాత సామాను దించింది. అందులో అమ్మ కుట్టు మిషను మీద కప్పే దళసరి గుడ్డ ఒకటి ఉంది. దులిపితే లోపలినుంచి ఠంగుమని కత్తెర పడింది. అమ్మ కత్తెర!

చూసి నేల మీద చతికిలబడిపోయింది. ఆరేళ్ళ కిందట అమ్మ పోయిన వారానికి, చుట్టాలంతా భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, ఆమె చెల్లెల్ని అడిగిన మాట ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంది. "అమ్మ కత్తెర ఏదే? నాకిస్తానంది. అమ్ముకున్నావా?" రెండేళ్ళు అమ్మ మంచం పక్కనుంచి కదలకుండా చాకిరీ చేసిన చెల్లెల్ని, అందరి ముందూ అడిగిన మాట అది. చెల్లెలు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. అంతే, ఆ తర్వాత ఎడమొహం పెడమొహం. ఫోను నంబరు కూడా మార్చేసింది. ఆ గుడ్డలో చుట్టి తెచ్చుకున్నదేమో తానే. ఆరేళ్ళు తన నెత్తి మీది అటకలోనే ఉంది. దొంగతనం మాత్రం చెల్లెలికి అంటగట్టింది.

ఆ రోజే చెల్లెలికి ఉత్తరం రాసింది. ఇల్లు మారలేదని చుట్టాల ద్వారా తెలుసు. సాకులేమీ రాయలేదు. "కత్తెర నా దగ్గరే, నా అటక మీదే ఉంది. నోరు జారాను. తప్పంతా నాది. నీ గొంతు వినాలని ఉంది. కోపం తీరితే బహుమతులిచ్చుకునే సెలవు రోజు దాటేలోగా ఈ నంబరుకి ఒక్కసారి ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే తీరలేదనుకుని ఇక నిన్ను విసిగించను." పోస్టు డబ్బాలో వేసి, లోపల పడిన చప్పుడు విన్నాకే అక్కణ్ణుంచి కదిలింది.

అప్పటినుంచి ఫోను ఒళ్ళోనే. స్నానానికి వెళ్తే గట్టు మీద పెట్టుకునేది. మోగితే చాలు, చేతిలో గుడ్డ వదిలేసి అందుకునేది. తీరా తీస్తే "అక్కా, నా పార్సిల్ వచ్చిందా?" వచ్చింది తల్లీ, వచ్చింది నాయనా. ముప్ఫై కాపురాల పార్సిళ్ళూ వచ్చాయి, ఆ ఒక్క ఫోనే రాలేదు.

సెలవుకి రెండు రోజుల ముందు హెల్మెట్ మూడు విడతలుగా యాభైకి పైగా పెట్టెలు దింపాడు. అందులో ఒకటి సన్నగా, పొడుగ్గా, మెరిసే కాగితం చుట్టి ఉంది. మీద అక్క పేరు. పంపినవాళ్ళ చోట ఏదో గిఫ్టుల కంపెనీ పేరు. ఆ సీజన్లో వచ్చే సగం పెట్టెల మీద ఆ పేరే ఉంటుంది. ఎత్తి చూస్తే బరువుగా ఉంది. ఎవరి మొగుడికో వాచీ కాబోలు అనుకుంది. ఫోటో తీసి పెట్టింది: "నా పేరు మీద వచ్చింది. ఇది ఎవరిది?"

తర్వాత మూడో అంతస్తు బ్యాంకు మేడం నుంచి జవాబు వచ్చింది. "నాదే అక్కా. రేపు మా ఆఫీసులో గిఫ్టులు మార్చుకుంటున్నాం. ఇంట్లో పిల్లలు విప్పేస్తారని నీ పేరు పెట్టాను." సాయంత్రం వచ్చింది. "హమ్మయ్య, టైముకి వచ్చింది" అంటూ పట్టుకుపోయింది. అక్క ఆ జాగాలో ఇంకో పెట్టె పెట్టింది.

సెలవు రోజు పొద్దున్నే ఆమె ఇస్త్రీ బట్టలు కట్టుకుని కూర్చుంది. మిషను ముట్టుకోలేదు, ఆ చప్పుడులో రింగు వినపడదేమోనని. పైన ముప్ఫై ఇళ్ళలోనూ నవ్వులు, పాటలు. కాగితాలు చించుతున్న చప్పుళ్ళు మెట్లమీదుగా దిగి వస్తున్నాయి. పదకొండయింది. ఒంటిగంటయింది. ఒకసారి ఫోను మోగింది. అయిదో అంతస్తాయన.

"అక్కా, నాకు వచ్చిన చొక్కా సైజు సరిపోలేదు. తిరిగి పట్టుకెళ్ళడానికి రేపొస్తారు, నీ దగ్గర పెట్టనా?"

"పెట్టండి" అంది. ఇంకేమంటుంది?

చీకటి పడ్డాక లేచి దీపం వేసింది. కోపం తీరలేదన్నమాట. తీరకపోవడమూ న్యాయమే. అలా చుట్టాల ముందు తననే ఎవరైనా అని ఉంటే తనూ చచ్చినా ఫోన్ చేసేది కాదు. అలా అనుకుని కూడా, గోడకేసి తిరిగి పడుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. మాట ఇచ్చింది కనక మళ్ళీ ఉత్తరం రాయలేదు.

ఆ తర్వాత నాలుగో రోజు సాయంత్రం బ్యాంకు మేడం నవ్వుతూ వచ్చింది.

"అక్కా, నీకో తమాషా చెప్పాలి. మొన్న నేను పట్టుకెళ్ళిన పెట్టె ఉందే, అది నాది కానే కాదు! నాదాని మీద నీ పేరు పెట్టడం మరిచాననుకుంటా, ఆ మర్నాడు వేరే కొరియరువాడు తిన్నగా పైకే తెచ్చాడు. ఆఫీసులో మా మేనేజరు అందరి ముందూ విప్పితే ఏముందనుకున్నావ్? కత్తెర! ఇంత పొడుగుది, బట్టలు కత్తిరించేది. ఆయన మొహం చూడాలి నువ్వు. పైగా అందులో ఒక చీటీ. ఆయనే పైకి చదివాడు. నవ్వలేక చచ్చామనుకో."

అక్క చేతిలో సూది ఆగిపోయింది. "ఏ చీటీ?"

"ఉండు, తెచ్చాను. బిల్డింగులో ఎవరిదో ఏమో, పాపం, నీకిస్తే అడిగి ఇచ్చేస్తావు కదా అని." హ్యాండ్‌బ్యాగులోంచి మడతలు పడ్డ అచ్చు కాగితం తీసి ఇచ్చింది.

"అక్కా, ఈ కత్తెరనైనా అటకెక్కించకు. నాకు కోపం లేదు. ఫోనులో నీ గొంతు వింటే ఏడ్చేస్తాను, అందుకే ఇది. సెలవు రోజు మధ్యాహ్నం భోజనానికి రా. నువ్వొస్తేనే తింటాను. ఇది నా కొత్త నంబరు." కింద పది అంకెలు.

ఆమె మూడుసార్లు చదివింది. మేడం ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మేనేజరు ఆ కత్తెర వాళ్ళావిడకి ఇచ్చేశాడట, ఇప్పుడు అడిగితే బాగోదట. "ఎవరిదో తెలిస్తే చెప్పక్కా, అలాంటిదే ఇంకోటి ఇప్పుడే ఆర్డరు పెట్టేస్తాను. రేపటికల్లా నీ గుమ్మంలో ఉంటుంది."

"మీరు వెళ్ళండి" అంది అక్క.

"ఏమైందక్కా?"

"వెళ్ళండమ్మా!" అని అరిచింది. ఇన్నేళ్ళలో ఆ బిల్డింగులో ఆమె గొంతు లేవడం అదే మొదలు. మేడం బిత్తరపోయి మెట్లెక్కింది.

అంకెలు రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి రింగయింది.

"చెప్పు" అంది చెల్లెలు. ఉత్తరంలో నంబరు చూసింది కాబట్టి ఎవరని అడగలేదు. ఆరేళ్ళ తర్వాత విన్న గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే.

"నేనే..."

"తెలుసు. పార్సిల్ అందిందని నాకు ఆ రోజే మెసేజి వచ్చింది. నీ సంతకం కూడా చూపించారు. బజారుకెళ్ళి కొని, పోస్టాఫీసులో నిలబడే పని లేకుండా, ఇంట్లో కూర్చునే పంపొచ్చని పక్కింటి పిల్ల నేర్పింది. ఎంత తేలికో అనుకున్నాను. ఇద్దరికీ వండాను. సాయంత్రం దాకా వీధి తలుపు వెయ్యలేదు."

ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆరేళ్ళ కిందట ఆ నాలుకతోనే చెల్లెలికి అన్యాయం చేసింది. మళ్ళీ మోసం చెయ్యబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. పెట్టె రావడం, ఫోటో తీయడం, ఎవరిదని అడగడం, ఇచ్చేయడం, ఆఫీసులో చీటీ చదివి నవ్వుకోవడం, అన్నీ.

చెల్లెలు అంతా విని చివరికి అడిగింది. "దాని మీద ఎవరి పేరుంది?"

"నా పేరేనే."

"మరి?"

"ఇక్కడందరూ నా పేరు మీదే తెప్పించుకుంటారే. అలవాటైపోయింది..."

"అది కాదక్కా నేనడిగేది. ఉత్తరం రాశావు. నా కోసం చూస్తున్నానన్నావు. నీ పేరుతో ఒక పెట్టె ఇంటికొస్తే, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఇది చెల్లి పంపిందేమో అని నీకు అనిపించలేదా?"

అక్క గుర్తు చేసుకుంది. ఆ పెట్టెని చేత్తో ఎత్తి చూసింది. బరువుగా ఉందనుకుంది. వాచీ అనుకుంది.

"అనిపించలేదే" అంది. "నాకెవరు పంపుతారులే అనుకున్నాను."

చెల్లెలు ఏడుస్తుందనుకుంది. ఏడిస్తే బాగుండుననుకుంది.

"అవునులే" అంది చెల్లెలు నెమ్మదిగా. "నీకెవరున్నారు."

ఫోను పెట్టేసింది. అక్క వెంటనే మళ్ళీ చేసింది. ఈసారి రింగు కూడా కాలేదు.